సముద్రం దాటే సరుకులో మన వాటా ఏది?

(తాండూరు, వికారాబాద్ ప్రాంత కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మాకు అప్పజెప్పిన అంశం "విదేశీ వ్యాపారం - దళితులు". పేరు వినంగనే కొందరు నవ్విన్రు. "సారూ, అంగడికి పోతే ఉల్లిగడ్డ కొననీకె పైసలు లెక్కబెట్టుకునేటోళ్ళం. మాకెందుకు విదేశీ వ్యాపారం?" అన్నరు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఒక్కటే. ఆ వ్యాపారం మన చేతుల మీదుగానే నడుస్తున్నది. మన చేతులు లేకపోతే ఒక్క సంచీ కదలదు, ఒక్క బండ లేవదు. కానీ ఆ వ్యాపారం గురించి మాట్లాడే చోట మన మాట ఉండదు, లెక్క రాసే చోట మన పేరు ఉండదు. అందుకే మాట్లాడాలె.

మన తాండూరుకు రెండు సరుకులు పేరు తెచ్చినయి. ఒకటి బండ, రెండోది కంది. బండ ఇక్కడి నుంచి యూరప్ దాకా పోతున్నది. కందులు ఆఫ్రికా నుంచి మన దేశానికి వస్తున్నయి. అంటే ఒక పక్క యూరప్, ఇంకో పక్క ఆఫ్రికా, నడుమ మన తాండూరు. బడి గోడకు వేలాడే ప్రపంచ పటంలో ఇవి దూరం దూరంగా కనబడతయి. సరుకు లెక్కలో చూస్తే మాత్రం మూడూ ఒకే కాంటా మీద ఉన్నయి.

బండ పోతున్నది, పేరు పోతున్నది

మొదట బండ సంగతి. తాండూరు, బషీరాబాద్ చుట్టుపక్కల భూమిలో సున్నపురాయి పొరలు పొరలుగా పరిచినట్టు ఉంటుంది. పొర విడగొడితే బండ లేస్తుంది. నీలం బండ, పసుపు బండ. హైదరాబాద్‌లో పాత ఇళ్ళ నేల చూడండి, బస్టాండ్లు, బడులు చూడండి, అదంతా షాబాద్ బండ, తాండూరు బండే. ఇప్పుడు అదే బండ ఇంగ్లండుకు కూడా పోతున్నది. అక్కడి ఇళ్ళ పెరట్లో, నడిచే బాటల మీద పరుస్తున్నరు. అక్కడి దుకాణాల్లో దాన్ని తాండూరు పేరు మీదనే అమ్ముతరు. మన ఊరు పేరు సముద్రం దాటింది. ఆ బండను లేపిన మనిషి పేరు గని దాటి రాలేదు.

గనిలో దిగేది ఎవరు? మాదిగ గూడెం, మాల గూడెం, తండా, బీసీ కులాల పేదలు, బతుకుదెరువుకు కర్ణాటక నుంచి వచ్చినోళ్ళు. గని లీజు ఎవరి పేరు మీద ఉన్నది? పాలిష్ మిషన్ ఎవరిది? లారీ ఎవరిది? ఎగుమతి లైసెన్సు ఎవరిది? ఒక్కొక్క మెట్టు ఎక్కుతూ పోయి చూడండి. ప్రతి మెట్టు మీద సరుకు ధర పెరుగుతుంది. ప్రతి మెట్టు మీద మనోళ్ళు తగ్గిపోతరు. చివరి మెట్టు మీద మనం అసలే ఉండం. కులం అంటే మెట్ల మీద మెట్లు పేర్చిన వ్యవస్థ అని బాబాసాహెబ్ మనకు చెప్పిండు. వ్యాపారం కూడా అవే మెట్ల మీద నడుస్తున్నది.

గని పనిలో అడ్వాన్సు అనే మాట మీకందరికీ తెలుసు. పెండ్లికో, రోగానికో పైసలు తీసుకుంటరు. ఆ పైసలు తీరేదాకా ఇంకో చోటికి పోవద్దు. ఇది మనం కోపంతో అంటున్న మాట కాదు. 2017లో హైదరాబాద్‌కు చెందిన గ్లోకల్ రీసెర్చ్ సంస్థ, నెదర్లాండ్స్‌లోని ఇండియా కమిటీ వాళ్ళు కలిసి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక గ్రానైట్ గనుల మీద ఒక నివేదిక వేసిన్రు. అప్పుతో కట్టిపడేసిన కూలీలు, రక్షణ లేని పని, రాళ్ళ దగ్గర పిల్లలు, ఇవన్నీ అందులో రాసిన్రు. ఆ రాయి యూరప్‌లో ఏ ఏ కంపెనీలకు పోతున్నదో కూడా అడిగిన్రు. అది గ్రానైట్ మీద చేసిన పరిశీలన, మన బండ మీద కాదు. కానీ ఆ పద్ధతి మనకు కావాలె. రాయి కొనేటోడు ఎంత దూరంలో ఉన్నా, ఆ రాయి కింద నలిగిన వేలు గురించి వాణ్ణి అడగొచ్చు. ఇది నేర్చుకోవాలె.

యూరప్‌లో కూడా దీని మీద చట్టాలు వచ్చినయి. ఇంగ్లండులో 2015లో ఆధునిక బానిసత్వ చట్టం వచ్చింది. జర్మనీలో సరుకు ఎక్కడి నుంచి వచ్చింది, ఎట్ల వచ్చింది అని పెద్ద కంపెనీలు చూసుకోవాలనే చట్టం 2023 జనవరి 1 నుంచి అమలైంది. యూరప్ దేశాలన్నీ కలిసి 2024లో అట్లాంటి చట్టమే చేసినయి. కంపెనీలు ఒత్తిడి పెడితే 2025లో దాని అమలును వాయిదా వేసిన్రు. చూసిన్రా? చట్టం చేయించడానికి ఏండ్లు పడుతుంది, వాయిదా వేయించడానికి ఏడాది చాలు. ఎందుకంటే వాయిదా అడిగేటోళ్ళు ఆ గడప దగ్గరనే ఉంటరు. చట్టం అవసరమైనోళ్ళు ఇక్కడ గనిలో ఉన్నరు.

కందులు వస్తున్నయి

ఇక కంది సంగతి. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దరఖాస్తు పెట్టింది మన యాలాల రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ. ఈ నల్లరేగడి, ఈ నేలలోని సున్నం, బంకమన్ను వల్లనే పప్పుకు ఈ రుచి, ఈ నిల్వ వచ్చిందని శాస్త్రవేత్తలు రాసిన్రు. మంచిదే, మనకూ గౌరవమే. కానీ ఆ కంది చేన్ల కలుపు తీసిన ఆడోళ్ళు, కట్టె కోసి, కొట్టి, తూర్పారబట్టినోళ్ళు, మార్కెట్ యార్డులో సంచీ మోసిన హమాలీలు, వీళ్ళు ఆ రుచిలో ఎక్కడన్నా ఉన్నరా? నేల గొప్పతనం కాగితం ఎక్కింది. నేల మీద వంగిన నడుము ఎక్కలేదు.

అయితే దేశానికి కావలసినన్ని కందులు దేశంలో పండటం లేదు. అందుకని బయటి నుంచి తెస్తున్నరు. 2022-23లో దాదాపు 9 లక్షల టన్నుల కందులు దిగుమతి అయినయి. ఎక్కడి నుంచి? బర్మా నుంచి కొన్ని, ఎక్కువ భాగం ఆఫ్రికా నుంచి. మొజాంబిక్, టాంజానియా, మలావి, సూడాన్. మలావిలో కందిని "నందోలో" అంటరు. టాంజానియాలో స్వాహిలీ భాషల "ఎంబాజీ" అంటరు. మన దగ్గర జొన్నలో, పెసరలో కంది సాళ్ళు పెట్టినట్టు వాళ్ళు మక్కలో పెడతరు. పండించేటోళ్ళు ఎక్కువ మంది చిన్న రైతులే. ఇంకో సంగతి వినండి. మన పక్కనే పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉన్నది కదా. మన చేన్లలో వేసిన ఆశ అనే కంది అక్కడిదే. ఆఫ్రికా రైతుల కోసం కంది రకాలు తయారు చేసిన దాంట్లో కూడా ఆ సంస్థ శాస్త్రవేత్తల చెయ్యి ఉన్నది. అంటే విత్తనం ఏనాడో చుట్టరికం కలిపింది. మనుషులే ఇంకా కలవలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నం. తేదీలు జాగ్రత్తగా వినండి.

2015లో వానలు లేక కంది దెబ్బతిన్నది. పట్నంలో కిలో కందిపప్పు 200 రూపాయల దాకా పోయింది. దేశమంతా గగ్గోలు అయింది. 2016 జూలైలో ప్రధానమంత్రి మొజాంబిక్ రాజధాని మపూటోకు పోయినప్పుడు ఒప్పందం జరిగింది. మొదటి ఏడాది లక్ష టన్నులు, పెంచుకుంటూ పోయి 2020-21 నాటికి 2 లక్షల టన్నుల కందులు అక్కడి నుంచి తెస్తమని రాసుకున్నరు. అక్కడి రైతులు ఆశతో కంది వేసిన్రు. ఇక్కడ మన రైతులు కూడా, ధర మంచిగున్నది కదా అని 2016 వానకాలంలో కంది వేసిన్రు. వానలు పడ్డయి. 2015-16లో 25 లక్షల టన్నులు పండిన దేశంలో 2016-17లో 48 లక్షల టన్నులకు పైగా పండింది.

అప్పుడేమైంది? ధర పడిపోయింది. బోనసుతో కలిపి మద్దతు ధర క్వింటాలుకు 5050 రూపాయలు అన్నరు. బయట అంతకంటే తక్కువకే అడిగిన్రు. 2017 మొదట్లో కొనుగోలు కేంద్రాల ముందు సంచులు వరుసలు కట్టినయి. రైతులు రోజుల తరబడి సంచుల మీదనే పండుకున్నరు. పట్టా లేని కౌలు రైతు ఆ వరుసలో కూడా నిలబడలేకపోయిండు. కాగితం లేదు గనుక అడ్తిదారు చెప్పిన ధరకే అమ్ముకున్నడు. మనోళ్ళల్లో ఎక్కువ మంది కౌలుకో, పాలుకో చేసేటోళ్ళే కదా.

అదే 2017 ఆగస్టులో ప్రభుత్వం దిగుమతుల మీద పరిమితి పెట్టింది. ఏడాదికి 2 లక్షల టన్నులే అన్నది. ఒప్పందం ఉన్నది గనుక మొజాంబిక్‌కు మినహాయింపు ఇచ్చిన్రు. అయినా అక్కడి ఊళ్ళల్లో ధర కుప్పకూలింది. ఎందుకంటే చుట్టుపక్కల దేశాల కందులకు వేరే పెద్ద గిరాకీ లేదు, వ్యాపారులు భయపడి కొనుడు తగ్గించిన్రు. మొజాంబిక్ జనం మనలాగ రోజూ పప్పు తినరు. వాళ్ళు కంది పండించేది మన కోసమే. మనం కొనకపోతే ఆ కందులను వాళ్ళేం చేయాలె?

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఒకే ఏడాదిలో తాండూరు రైతు మునిగిండు, మలావి రైతు మునిగిండు. ఇద్దరి కందులకు ధర లేదు. మరి పట్నంలో పప్పు కొన్నోళ్ళకు ధర అదే లెక్కన తగ్గిందా? నడుమ మిగిలింది ఎవరికి మిగిలింది? ఈ ప్రశ్న అడగకుండా మనల్ని ఒకరి మీదికి ఒకరిని ఎగదోస్తున్నరు.

"ఆఫ్రికా కందులే ముంచినయి" అనేటోళ్ళకు

ఈ మాట మేం చాయ్ హోటళ్ళల్ల, యార్డులల్ల విన్నం. "నల్లోళ్ళ కందులు వచ్చి మన ధర పడగొట్టినయి" అంటరు. అందులో సగం నిజం ఉన్నది. అక్కడ పంట కోతకు వచ్చేది జూలై నుంచి సెప్టెంబరు దాకా. మన చేను కోతకు రాకముందే ఆ సరుకు ఓడ దిగుతుంది. సుంకం ఎప్పుడు ఎత్తేయాలె, పరిమితి ఎప్పుడు పెట్టాలె అనేది ఢిల్లీలో తేలుతుంది. 2017 మార్చిలో 10 శాతం సుంకం వేసిన్రు. ఆగస్టులో పరిమితి పెట్టిన్రు. 2021 మేలో పరిమితి ఎత్తేసిన్రు. 2023 మార్చిలో సుంకం ఎత్తేసిన్రు. వాళ్ళ కలం కదిలినప్పుడల్లా ఇక్కడ ధర కదిలింది. కలం పట్టింది ఆఫ్రికా రైతు కాదు గదా!

ఆ మిగతా సగం అబద్ధం. అది మనకు చాలా ప్రమాదం. ఎందుకంటే ఒంటి రంగు చూసి, పుట్టుక చూసి మనిషిని తక్కువ చేసే మాట అది. ఆ మాట మన మీద వేల ఏండ్ల నుంచి పడుతున్నది. మన నోటి నుంచి అది రావద్దు.

ఆఫ్రికా రైతు ఎవరో తెలుసుకోండి. మొజాంబిక్‌ను పోర్చుగల్ వాళ్ళు ఏలిన్రు. 1975 జూన్ 25న ఆ దేశానికి స్వతంత్రం వచ్చింది. పోర్చుగల్ పాలనలో "చిబాలో" అని ఉండేది. మనిషిని పట్టుకపోయి పని చేయించుడే. 1938 నుంచి చిన్న రైతులతో బలవంతంగా పత్తి వేయించి, చెప్పిన ధరకే గుంజుకున్నరు. ఆ పత్తి పోర్చుగల్ మిల్లులకు పోయేది. చిబాలో అంటే మన భాషల ఏంది? వెట్టి! మలావిలో "తంగాతా" అని ఉండేది. తెల్ల దొర తోటలో గుడిసె వేసుకుంటే కిరాయి కింద ఆ దొర చేన్ల పని చేయాలె. ఇది కూడా మనకు కొత్త కాదు. దాని మీద 1915 జనవరిలో జాన్ చిలెంబ్వే అనే నల్లజాతి పాస్టరు తిరుగుబాటు చేసి ప్రాణం ఇచ్చిండు. గడీల ముందు చెప్పులు చేతబట్టుకొని నడిచిన తాతల మనుమలం మనం. చిబాలో చేసిన తాతల మనుమలు వాళ్ళు. మనకు పగ ఏంది?

మన పెద్దలు ఈ చుట్టరికం ఎప్పుడో గుర్తుపట్టిన్రు. జోతిబా ఫూలే 1873లో "గులాంగిరి" రాసి, నల్లజాతి బానిసల విడుదలకు పాటుపడిన అమెరికా జనానికి అంకితం ఇచ్చిండు. బాబాసాహెబ్ 1946లో అమెరికా నల్లజాతి నాయకుడు డుబాయిస్‌కు ఉత్తరం రాసిండు. నల్లవాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెడుతున్న దరఖాస్తు ప్రతి పంపమని అడిగిండు. 1972లో బొంబాయి కుర్రాళ్ళు దళిత పాంథర్స్ అని పేరు పెట్టుకున్నది అమెరికా బ్లాక్ పాంథర్స్‌ను చూసే. 2001లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జాతి వివక్ష మీద ప్రపంచ సదస్సు జరిగితే మన దళిత ప్రతినిధులు పోయి, కులం గురించి కూడా మాట్లాడాలని కొట్లాడిన్రు. మన ప్రభుత్వం అడ్డం పడింది. దుఃఖం విషయంలో మనం ఆఫ్రికాతో చేతులు కలిపినం. సరుకు విషయంలో మాత్రం వ్యాపారులను కలవనిచ్చి మనం దూరం ఉంటున్నం.

యూరప్, ఆఫ్రికా నడుమ వ్యాపారం చెప్పే పాఠం

వ్యాపారం పెరిగితే అందరికీ మేలు అని చెప్పేటోళ్ళు ఉన్నరు. ఆఫ్రికాకూ యూరప్‌కూ వ్యాపారం తక్కువేమీ లేదు, వందల ఏండ్ల నుంచి ఉన్నది. ఏం మేలైందో చూద్దాం.

1884 నవంబరు నుంచి 1885 ఫిబ్రవరి దాకా జర్మనీలో, బెర్లిన్‌లో యూరప్ దేశాలు కూర్చొని ఆఫ్రికా పంపకానికి నియమాలు రాసుకున్నయి. ఆ బల్ల దగ్గర ఒక్క ఆఫ్రికా మనిషి లేడు. ఊరి శిఖం భూమి పంచుకోవడానికి గడీలో కూర్చున్నోళ్ళు ఊరోళ్ళను పిలుస్తరా? గట్లనే.

మన దగ్గర కూడా అదే కాలం. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు పట్టా పడింది. మన తాండూరు, వికారాబాద్ మీదుగానే. బండకు, ధాన్యానికి బాట దొరికింది. 1883లో ఆ రైలును లండన్‌లో పెట్టిన కంపెనీకి అప్పజెప్పిన్రు. ఆ కంపెనీలో వాటాలు కొన్న లండన్ షావుకార్లకు 20 ఏండ్ల పాటు 5 శాతం వడ్డీ గ్యారంటీ అని నిజాం సర్కారు రాసి ఇచ్చింది. రైలుకు లాభం వచ్చినా రాకున్నా వాళ్ళకు వడ్డీ రావాలె. ఆ వడ్డీ ఎక్కడి నుంచి? జనం కట్టిన శిస్తు నుంచి. పెట్టుబడికి గ్యారంటీ ఉన్నది. పట్టా కింద కంకర కొట్టిన చేతికి ఏ గ్యారంటీ లేదు. నూట నలభై ఏండ్లు గడిచినయి. ఇప్పుడు కందికి మద్దతు ధర ప్రకటిస్తరు, 2025-26కు 8000 రూపాయలు అన్నరు. కానీ ఆ ధరకు కొంటమని చట్టంలో గ్యారంటీ లేదు.

ఇక ఈ కాలం సంగతి. చాక్లెట్ తయారయ్యేది కోకో గింజతో. ప్రపంచంలో పండే కోకోలో సగానికి పైగా ఘనా, ఐవరీకోస్ట్ అనే రెండు దేశాలదే. చాక్లెట్ పేరు, డబ్బా, లాభం ఎక్కువగా యూరప్‌వి. పండించేటోళ్ళల్లో చాలామంది చాక్లెట్ తినలేరు. 2019లో ఆ రెండు దేశాలు కలిసి, టన్నుకు 400 డాలర్లు రైతు కోసం అదనంగా ఇస్తేనే గింజ ఇస్తమని కూర్చున్నయి. రెండు దేశాలు ఒక్క మాట మీద నిలబడితే పెద్ద కంపెనీలు కూడా ఒప్పుకోక తప్పలేదు. ఆ తర్వాత కంపెనీలు వేరే దిక్కు నుంచి ధర కోసినయని కొట్లాటలు అయినయి. అయినా ఒక్కటిగా అడగటమంటే ఏందో లోకానికి తెలిసింది.

దాని కంటే మనకు పనికొచ్చే కథ ఇంకొకటి ఉన్నది. ఘనాలో 1993లో కోకో రైతులు "కువాపా కోకూ" అని సంఘం పెట్టుకున్నరు. ఎందుకు పెట్టుకున్నరు? కాంటాలో మోసం పోవాలని, మన తూకం మనమే వేసుకోవాలని. అక్కడి నుంచి మొదలై, 1998లో ఇంగ్లండులో చాక్లెట్ కంపెనీ పెడితే అందులో వాటాదారులైన్రు. దాని పేరు డివైన్. 2006కు వాళ్ళ వాటా 45 శాతానికి పోయింది. గింజ అమ్మేటోళ్ళు చాక్లెట్ కంపెనీకి యజమానులైన్రు! 2020లో ఒక జర్మనీ కంపెనీ ఎక్కువ వాటా తీసుకున్నది. రైతుల వాటా 20 శాతానికి తగ్గింది. అంటే గెలిచిన వాటాను కూడా కాపాడుకోవాలె, కండ్లు మూస్తే తగ్గుతది. కానీ వాటా అడగొచ్చు, తీసుకోవచ్చు అని వాళ్ళు చేసి చూపెట్టిన్రు.

మూడు ప్రశ్నలు

మేం చెప్పొచ్చే మాట ఇదే. యూరప్‌తో వ్యాపారం వద్దు, ఆఫ్రికాతో వ్యాపారం వద్దు అని మనం అనటం లేదు. ఊరి నాలుగు గోడల నడుమ ఉంటే మనకు దక్కింది వెట్టి, అంటరానితనం. సంత మనకు శత్రువు కాదు. కానీ ఎవరు ఏ వ్యాపారం గురించి చెప్పినా మూడు ప్రశ్నలు అడగండి. తూకం ఎవరి చేతిలో ఉన్నది? ధర ఎవరు చెప్తున్నరు? వాటా ఎవరికి రాసి ఉన్నది? ఈ మూడింటిలో ఒక్క చోట కూడా మన పేరు లేకపోతే, అది రెండు దేశాల నడుమ చుట్టరికం కాదు, ఇద్దరు దొరల నడుమ వియ్యం. పెండ్లి వంట మనది, విస్తళ్ళు ఎత్తేది మనం, బంతిలో కూర్చునేది వాళ్ళు.

మరి మనం ఏం చేయాలె?

ఒకటి. కౌలుకు, పాలుకు చేసేటోళ్ళ పేర్లు, కలుపుకు, కోతకు పోయే ఆడోళ్ళ పేర్లు ఊరూరా రిజిస్టరులో రాయండి. ఎన్ని ఎకరాలు, ఎన్ని దినాలు, ఎంత కూలి. సర్కారు రాయనప్పుడు మనమే రాయాలె. రేపు అడగడానికి అదే మన ఆధారం.

రెండు. ఉత్పత్తిదారుల కంపెనీ అంటే పట్టాదారులదే అనుకుంటున్నరు. కాదు. కంపెనీల చట్టం ప్రకారం పదిమంది ఉత్పత్తిదారులు కలిస్తే కంపెనీ పెట్టుకోవచ్చు. పంటకు సంబంధించిన ఏ పనిలో ఉన్నా ఉత్పత్తిదారే. పట్టా ఉండాలని ఆ చట్టంలో లేదు. ఎన్ని వాటాలున్నా మనిషికి ఒక్కటే ఓటు. ఇప్పుడున్న కంపెనీలలో సభ్యత్వం అడగండి. ఇవ్వకపోతే మనమే పదిమందిమి కూర్చుందాం. పప్పు పట్టే చిన్న మిల్లుతో మొదలు పెట్టొచ్చు.

మూడు. తాండూరు కంది పేరు వాడుకొని అమ్మాలంటే ఆ గుర్తింపు చట్టం కింద అధీకృత వినియోగదారుగా పేరు నమోదు చేయించుకోవాలె. పండించేటోళ్ళతో పాటు పప్పు పట్టేటోళ్ళు, సంచులు కట్టేటోళ్ళు కూడా ఉత్పత్తిదారులే అని 1999 నాటి ఆ చట్టం అంటున్నది. షావుకార్లకు ఈ సంగతి తెలుసు. మన మహిళా సంఘాలకు కూడా తెలియాలె.

నాలుగు. యార్డులో కాంటా దగ్గర మన మనిషి నిలబడాలె. తరుగు ఎంత తీసిన్రు, హమాలీ ఎంత పట్టిన్రు, తక్‌పట్టీలో ఏం రాసిన్రు అని చదివి చెప్పాలె. పదో తరగతి చదివిన పిల్లలు ప్రతి గూడెంలో ఉన్నరు. వాళ్ళ చదువుకు ఇంతకంటే మంచి పని ఏమున్నది?

అయిదు. గని పనిలో పేరు రాయించుకోవాలె. బాబాసాహెబ్ కార్మిక మంత్రిగా 1943 డిసెంబరులో ధన్‌బాద్ బొగ్గు గనిలోకి దిగి, కూలీల బతుకు కండ్లారా చూసిండు. కోటు వేసుకున్న మంత్రి గనిలోకి దిగిండంటే, చూడకుండా కాగితం రాయొద్దని. 1952 నాటి గనుల చట్టాన్ని 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన లేబర్ కోడ్‌లలో కలిపేసిన్రు. ఆ కోడ్‌లలో కార్మికులకు నష్టం చేసే మాటలు ఉన్నయని సంఘాలు కొట్లాడుతున్నయి. ఆ కొట్లాటలో మనమూ ఉండాలె. అయితే ప్రతి కార్మికుడికి నియామక పత్రం ఇవ్వాలని కూడా అందులో రాసి ఉన్నది. ఆ ఒక్క కాగితం అడగండి. కాగితం ఉంటే కాలు విరిగినప్పుడు "వీడు మా దగ్గర పనే చేయలేదు" అనలేరు.

ఆరు. బండ ఏ దేశానికి, ఏ కంపెనీకి పోతున్నదో రాసుకోండి. లారీ ఎక్కించేది మనమే, పెట్టె మీద రాసింది చదవటం నేరం కాదు. కొనేటోడి పేరు తెలిస్తే ఉత్తరం రాయొచ్చు. ఒక్కరు రాస్తే చెత్తబుట్టల పడుతది, సంఘం రాస్తే జవాబు ఇయ్యాలె.

ఏడు. మలావిలో 1997 నుంచి చిన్న రైతుల జాతీయ సంఘం ఉన్నది. మన కంది రైతులు, కూలీలు అట్లాంటి సంఘాలతో మాట్లాడాలె. మీ దగ్గర ఎంత వేసిన్రు, మీకు ఎంత ఇచ్చిన్రు, మా దగ్గర ఎంత అడుగుతున్నరు. ఈ మూడు మాటలు ఇటు అటు పోయినా నడుమ ఉన్నోడి సగం బలం పోతది. ఎందుకంటే వాడి బలమంతా మనకు వాళ్ళ సంగతి, వాళ్ళకు మన సంగతి తెలియకపోవటంలోనే ఉన్నది.

మిత్రులారా! ఇవన్నీ ఒక్క సీజనులో అయ్యే పనులు కావు. అందుకే రిజిస్టరు, కాంటా, ఈ రెండింటితో మొదలు పెట్టండి. వచ్చే కంది కోతల కల్లా కనీసం పది ఊళ్ళల్లో మన రిజిస్టరు ఉండాలె, తాండూరు యార్డులో మన మనిషి ఉండాలె. వచ్చే తరగతిలో మేం ప్రసంగం చేయం. మీ రిజిస్టర్లు తీసుకొని రండి, వాటినే చదువుకుందాం.

జై భీమ్!